గూగుల్‌లో పైకి రావాలంటే డబ్బు కట్టాల్సిందేనా? వైజాగ్ వ్యాపారులు తెలుసుకోవాల్సిన ‘స్పాన్సర్డ్’ లెక్క ఇదీ..

వైజాగ్‌లో ఇప్పుడు ఎక్కడ విన్నా గూగుల్ పేరే. 2025 అక్టోబర్ 14న ఢిల్లీలో ప్రకటన వచ్చింది.. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు.. మన లెక్కలో సుమారు లక్షా 30 వేల కోట్ల రూపాయలు! అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు ఒక్కసారిగా జాతీయ వార్తల్లోకి ఎక్కాయి. సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుల్ కూడా మన తీరానికే చేరుతుందన్నారు.

మరి ఇంత పెట్టుబడి పెట్టే కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2024 లెక్కలు చూస్తే విషయం అర్థమైపోతుంది. ఆ ఏడాది మొత్తం ఆదాయం 350 బిలియన్ డాలర్లు. అందులో 198 బిలియన్లు సెర్చ్, దాని చుట్టూ ఉన్న సేవల ప్రకటనలవే. అంటే వచ్చిన ప్రతి వంద రూపాయల్లో 56 రూపాయలకు పైనే, మనం ఏదో వెతుకుతున్నప్పుడు కనిపించే ప్రకటనల మీద వచ్చాయన్నమాట. యూట్యూబ్, క్లౌడ్, ఫోన్లు.. అన్నీ కలిపినా మిగతా 44 రూపాయల లోపే.

గాజువాకలో ఎవరో ఎండకు తట్టుకోలేక ‘ఏసీ రిపేర్ నియర్ మీ’ అని ఫోన్‌లో కొట్టి మొదటి లింక్ నొక్కారనుకోండి. అది ప్రకటన అయితే, ఆ నొక్కిన క్షణంలో ఓ మెకానిక్ ఖాతాలో కొంత డబ్బు తగ్గిపోతుంది. ఏసీ బాగుచేసే పని దొరికినా దొరక్కపోయినా సరే.

అందుకే చిన్న వ్యాపారులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది.. ఈ డబ్బు కట్టాలా? కట్టకుండా పైకి రాలేమా? దీనికి అందరికీ ఒకటే జవాబు లేదు. ఏసీ మెకానిక్‌కు ఒకటి, అరకు టూర్ ఆపరేటర్‌కు ఒకటి, పోర్టులో సరుకు క్లియరెన్స్ చూసే సీహెచ్‌ఏకు ఇంకొకటి. ఎందుకో చూద్దాం.

స్క్రీన్ మీద మొదట ఎవరు?

‘వైజాగ్ టు అరకు క్యాబ్’ అని మీ ఫోన్‌లో వెతికి చూడండి. ఇలాంటి మాటలకు పైన ‘స్పాన్సర్డ్’ అనే సన్నటి అక్షరాలతో కొన్ని లింకులు రావచ్చు. గరిష్ఠంగా నాలుగు దాకా. ఆ కింద మ్యాప్, మూడు పేర్లు. వేలితో ఇంకాస్త కిందికి తోస్తే తప్ప డబ్బు కట్టని ఫలితాలు కనిపించవు. వీటినే ఆర్గానిక్ రిజల్ట్స్ అంటారు. రైతు బజార్‌లో ఆర్గానిక్ కూరగాయలకు రేటు ఎక్కువ. ఇక్కడ మాత్రం ఆర్గానిక్ అంటే క్లిక్‌కు రూపాయి కూడా కట్టక్కర్లేనిది!

కంప్యూటర్‌లో ఒకప్పుడు ప్రకటనలు కుడి పక్కన వేరేగా ఉండేవి. 2016 ఫిబ్రవరిలో వాటిని తీసేసి, పైన నాలుగు దాకా చూపించడం మొదలుపెట్టారు. ప్రకటన అని చెప్పే గుర్తు కూడా మారుతూ వచ్చింది. 2013లో పసుపు రంగు డబ్బాలో ‘యాడ్’ అని ఉండేది. 2016లో అది ఆకుపచ్చ అయింది. 2020లో నలుపు. 2022 అక్టోబర్ నుంచి మొబైల్‌లో ‘స్పాన్సర్డ్’ అనే మాట. రంగు తగ్గుతూ వచ్చిందన్న సంగతి మీరూ గమనించే ఉంటారు.

విచిత్రం ఏంటంటే, గూగుల్ వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో రాసిన పరిశోధన పత్రంలోనే, ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజిన్ ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని అనుమానం వ్యక్తం చేశారు. రెండేళ్లు తిరిగాయో లేదో, 2000 అక్టోబర్‌లో వాళ్లే 350 మంది ప్రకటనదారులతో యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టారు. ఇప్పటి గూగుల్ యాడ్స్ అదే.

‘యాడ్స్‌కు డబ్బు కడితే కింద ఫలితాల్లో కూడా మన సైట్ పైకి లేస్తుంది’ అని చాలామంది నమ్ముతారు. గూగుల్ ఈ మాటను స్పష్టంగా ఖండిస్తోంది. రెండూ వేర్వేరు యంత్రాలు, ప్రకటనల ఖర్చుకు ఆర్గానిక్ ర్యాంకుతో సంబంధం లేదని చెబుతోంది.

అలాగని సొంత సేవలను ముందుకు తోసుకుందన్న ఆరోపణ గూగుల్‌పై రాలేదా అంటే, వచ్చింది. మన తెలుగు మ్యాట్రిమోనీ కూడా నడిపే మ్యాట్రిమోనీ డాట్ కామ్ కంపెనీ, కట్స్ అనే వినియోగదారుల సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా తలుపు తట్టాయి. 2018 ఫిబ్రవరి 8న కమిషన్ గూగుల్‌కు రూ.135.86 కోట్ల జరిమానా వేసింది. విమాన టికెట్లు వెతికేవాళ్లకు గూగుల్ సొంత విభాగాన్ని ప్రముఖంగా చూపించడం లాంటివి అందులో తప్పుగా తేలాయి. ప్రకటనల వేలం విధానంలో మాత్రం ఉల్లంఘన కనిపించలేదని అదే తీర్పులో చెప్పింది. గూగుల్ దీనిపై అప్పీలుకు వెళ్లింది.

ఎక్కువ పాడినవాళ్లదే పాటా?

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ ఎవరు ఎక్కువ పాడితే గంప వాళ్లది. గూగుల్‌లోనూ ప్రతి వెతుకులాటకూ వేలం జరుగుతుంది. కానీ ఒక మెలిక ఉంది.

పాట ఒక్కటే చూడరు. ఆ ప్రకటనను జనం నొక్కే అవకాశం ఎంత, వెతికిన మాటకు ప్రకటన ఎంత సరిపోతోంది, నొక్కాక తెరుచుకునే పేజీ పనికొస్తుందా లేదా.. ఇవన్నీ కలిపి ఓ నాణ్యత లెక్క వేస్తారు. పాటను నాణ్యతతో హెచ్చిస్తే వచ్చేదాన్ని బట్టే స్థానం.. సులువుగా చెప్పాలంటే అంతే. అసలు ఫార్ములాలో ఇంకా చాలా ఉంటాయి.

అర్థం కావడానికి ఓ లెక్క వేద్దాం. ముగ్గురు ఏసీ మెకానిక్‌లు. మొదటాయన క్లిక్‌కు 40 రూపాయలు పాడాడు, నాణ్యత 4. మొత్తం 160. రెండో ఆయన 25 రూపాయలే పాడాడు, కానీ నాణ్యత 8. మొత్తం 200. మూడో ఆయన 30 పాడాడు, నాణ్యత 3. మొత్తం 90. పైన వచ్చేది ఎవరు? అందరికంటే తక్కువ పాడిన రెండో ఆయన!

ఇంకో సంగతి. పాడినంతా కట్టక్కర్లేదు. కింద ఉన్నవాణ్ని దాటడానికి ఎంత అవసరమో అంతే. రెండో ఆయన 160ని దాటితే చాలు కాబట్టి క్లిక్‌కు 20 రూపాయలకు కాస్త పైన కడతాడు. రెండో స్థానంలో ఉన్న మొదటాయన 90ని దాటాలి, అంటే 22 రూపాయల 50 పైసలు. కింద ఉన్నవాడు ఎక్కువ కడుతున్నాడు, పైన ఉన్నవాడు తక్కువ కడుతున్నాడు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రకటన నొక్కితే నేరుగా హోమ్ పేజీకి వెళ్తుంది. అందులో సంస్థ చరిత్ర, ఓనర్ గారి ఫోటో, పూలదండ.. ఫోన్ నంబర్ కోసం కిందిదాకా వెతుక్కోవాలి. ‘స్ప్లిట్ ఏసీ సర్వీస్ రేటు ఇంత, గాజువాక, కూర్మన్నపాలెం, పెదగంట్యాడకు వస్తాం, ఈ నంబర్‌కు చేయండి’ అని ఒక్క పేజీ పెట్టినాయన అదే డబ్బుతో ఎక్కువ క్లిక్‌లు తెచ్చుకుంటాడు.

రోజుకు 500 పెడితే ఏమవుతుంది?

రోజుకు 500 రూపాయలు బడ్జెట్ పెట్టారనుకోండి. క్లిక్‌కు 25 చొప్పున 20 క్లిక్‌లు. అందులో ఇద్దరు ఫోన్ చేసి, ఒకరు పని ఇచ్చారని అనుకుందాం. ఆ పని మీద సామాన్లు, పెట్రోలు పోను 400 మిగిలితే? వంద రూపాయలు ఎదురు పెట్టినట్టే. పైగా 18 శాతం జీఎస్టీ ఉంది కదా, 500 కాస్తా 590 అవుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి ఖాతాలో ఆ నంబర్ ఇస్తే ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. లేనివాళ్లకు అది నేరుగా ఖర్చే.

రోజువారీ బడ్జెట్ అన్నది కూడా ఖచ్చితమైన గీత కాదు. ఏదైనా ఒక రోజు గూగుల్ దానికి రెట్టింపు దాకా ఖర్చు చేయొచ్చు. నెల మొత్తానికి మాత్రం రోజు బడ్జెట్‌ను 30.4తో హెచ్చించినంత దాటదు. అంటే రోజుకు 500 అంటే నెలకు 15,200 వరకు, జీఎస్టీతో 17,936. ఓ చిన్న షాపుకు ఇది కుర్రాడి జీతంతో సమానం. కాబట్టి కుర్రాణ్ని పెట్టుకునేటప్పుడు ఎంత ఆలోచిస్తామో ఇక్కడా అంత ఆలోచించాలి.

డబ్బు కారిపోయే చిల్లులు సెట్టింగ్స్‌లోనే ఉంటాయి. ప్రకటన ‘విశాఖపట్నం’లో చూపించమని పెడతారు. కానీ డీఫాల్ట్‌గా ఉండే ఆప్షన్ ప్రకారం విశాఖలో ఉన్నవాళ్లకే కాకుండా, విశాఖ మీద ‘ఆసక్తి’ చూపించినవాళ్లకూ అది కనిపిస్తుంది. కోల్‌కతాలో కూర్చుని అరకు ట్రిప్ ప్లాన్ చేసుకుంటున్న ఆయన టూర్ ఆపరేటర్‌కు బంగారం. ఏసీ మెకానిక్‌కు ఆయన నొక్కే క్లిక్ దండగ. ఒక్క టిక్ మార్చుకుంటే సరిపోతుంది. అలాగే సెర్చ్ ప్రకటన పెట్టేటప్పుడు ‘డిస్‌ప్లే నెట్‌వర్క్’ అనే డబ్బాలో టిక్ ఉందేమో చూడండి. అది ఉంటే మీ ప్రకటన ఏవేవో యాప్‌లు, వెబ్‌సైట్లలోకి కూడా వెళ్తుంది.

‘వైజాగ్ స్టీల్’ అని వెతికేవాళ్లలో కొనేవాళ్లు ఎందరు?

ఈ ఊళ్లో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆటోనగర్‌లో టీఎంటీ కడ్డీలు అమ్మే డీలర్ ఒకరు ‘వైజాగ్ స్టీల్’ అనే మాట మీద ప్రకటన పెట్టారనుకుందాం. ఆ మాట కొట్టేవాళ్లు ఎవరెవరు?

ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే డిప్లొమా కుర్రాళ్లు ఉంటారు. 2021 జనవరిలో కేంద్రం వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి ప్రైవేటీకరణ వార్తల కోసం చూసే కార్మిక కుటుంబాలు ఉంటాయి. 2025 జనవరిలో ప్రకటించిన రూ.11,440 కోట్ల ప్యాకేజీ ఏమైందో తెలుసుకోవాలనుకునేవాళ్లు, ‘షేర్ ధర ఎంత’ అని వెతికేవాళ్లు కూడా ఉంటారు (ఆర్ఐఎన్ఎల్ స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కానే కాలేదు, అది వేరే సంగతి). ఇల్లు కడుతూ ‘ఐరన్ రేటు ఎంత నడుస్తోంది’ అని చూసే మేస్త్రీ, ఇంటి యజమాని.. ఆ గుంపులో ఎక్కడో ఉంటారు. డీలర్‌కు కావాల్సింది ఆ చివరివాళ్లే. కానీ ఆపకపోతే అందరి క్లిక్‌కూ ఆయనే కట్టాలి.

దీనికి మందు ‘నెగెటివ్ కీవర్డ్స్’. అంటే ఈ మాటలు ఉంటే నా ప్రకటన చూపించొద్దు అని ముందే చెప్పడం. జాబ్స్, నోటిఫికేషన్, సిలబస్, న్యూస్, ప్రైవేటీకరణ, షేర్ ప్రైస్, క్వార్టర్స్.. ఈ జాబితా ఎంత పొడుగ్గా ఉంటే జేబు అంత భద్రం. దాంతోపాటు ‘బ్రాడ్ మ్యాచ్’ బదులు ‘ఎగ్జాక్ట్’ లేదా ‘ఫ్రేజ్ మ్యాచ్’ పెట్టుకుంటే మొదటి నెల కాస్త నిదానంగా నడిచినా లెక్క చేతిలో ఉంటుంది. వారానికోసారి ‘సెర్చ్ టర్మ్స్’ రిపోర్ట్ తెరిచి జనం నిజంగా ఏం కొట్టి వచ్చారో చదవడం తప్పనిసరి. నిజం చెప్పాలంటే గూగుల్ యాడ్స్‌లో అన్నింటికన్నా పనికొచ్చే పేజీ అదొక్కటే. చాలామంది దాన్ని తెరవనే తెరవరు.

పోర్టు వ్యాపారం దీనికి పూర్తిగా రివర్స్. ‘కస్టమ్స్ క్లియరెన్స్ ఏజెంట్ విశాఖపట్నం’ అని వెతికేవాళ్లు చాలా తక్కువ. కానీ వెతికినాయన చేతిలో కంటైనర్లు ఉంటాయి, నచ్చితే ఏళ్ల తరబడి ఉంటాడు. అక్కడ క్లిక్‌కు ఎంతైనా పెట్టొచ్చు, నెలకు పది క్లిక్‌లు వచ్చినా చాలు. అసలు ఆ రంగంలో సగం పని తెలిసినవాళ్ల మాట మీదే నడుస్తుంది లెండి.

మీ పేరుకే మీరు డబ్బు కట్టాలా?

అసలు చర్చ ఇక్కడే మొదలవుతుంది. మీ షాపు పేరు కొట్టి వెతికే కస్టమర్ ఎలాగూ మీ కోసమే వస్తున్నాడు. కింద ఆర్గానిక్‌లో మీ సైట్ మొదటే ఉంది. అయినా పైన మీ పేరు మీదే మీరు ప్రకటన పెడితే, ఆయన అదే నొక్కుతాడు. ఉచితంగా వచ్చేవాడికి డబ్బు కట్టి తెచ్చుకున్నట్టు.

ఈ అనుమానాన్ని అమెరికాలో ఈబే కంపెనీ నిజంగానే పరీక్షించి చూసింది. టామ్ బ్లేక్, క్రిస్ నాస్కో, స్టీవెన్ టాడెలిస్ అనే ఆర్థికవేత్తలు చేసిన ఆ ప్రయోగం 2015లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. ‘ఈబే’ అన్న పేరు మీద ప్రకటనలు ఆపేస్తే ఏం జరిగింది? పోయిన క్లిక్‌లలో 99.5 శాతం వెంటనే ఆర్గానిక్ లింక్ ద్వారా తిరిగి వచ్చేశాయి! మామూలు వస్తువుల పేర్ల మీద ఇచ్చిన ప్రకటనలు కూడా ఎప్పుడూ కొనేవాళ్ల మీద పెద్దగా పనిచేయలేదు. కొత్తవాళ్ల మీద, ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్ల మీద మాత్రం పనిచేశాయి.

ఈబే ప్రపంచమంతా తెలిసిన పేరు. వైజాగ్ షాపు పరిస్థితి అది కాదు అనొచ్చు. నిజమే. కానీ ఆ ప్రయోగంలో అందరికీ పనికొచ్చే ముక్క ఒకటుంది.. మిమ్మల్ని ఇంకా తెలియనివాళ్ల కోసమే డబ్బు పెట్టండి. తెలిసినవాళ్లు ఆర్గానిక్‌లో దొరుకుతారు.

మరి పక్క షాపాయన మీ పేరు మీద ప్రకటన పెడితే? అప్పుడు లెక్క మారుతుంది. మన దేశంలో దీని మీద పెద్ద కేసే నడిచింది. నేవీ, స్టీల్ ప్లాంట్, రైల్వే బదిలీలతో వైజాగ్‌లో ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కు గిరాకీ ఎక్కువే కదా, ఆ కేసు కూడా ఆ రంగానిదే. అగర్వాల్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ పేరు హక్కుదారు డీఆర్ఎస్ లాజిస్టిక్స్, తమ పేరు కొడితే పోటీదారుల ప్రకటనలు వస్తున్నాయంటూ గూగుల్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2023 ఆగస్టు 10న డివిజన్ బెంచ్ తీర్పు ఇచ్చింది. ప్రకటనల వ్యవహారంలో గూగుల్ చేతులు కట్టుకుని చూస్తున్న మధ్యవర్తి మాత్రమే కాదు, చురుగ్గా పాల్గొంటోందని తేల్చింది. అదే సమయంలో, ఇంకొకరి ట్రేడ్‌మార్క్‌ను కీవర్డ్‌గా వాడినంత మాత్రాన ఉల్లంఘన అయిపోదని, జనం గందరగోళపడి మోసపోయే పరిస్థితి ఉంటేనే తప్పవుతుందని కూడా చెప్పింది.

అంటే పక్కవాడు మీ పేరు మీద పాట పాడొచ్చు. మీ పేరు పెట్టుకుని తానే మీరని నమ్మించకూడదు. కాబట్టి నెలకోసారి మీ షాపు పేరు మీరే వెతికి చూసుకోండి. పైన ఎవరూ లేకపోతే సొంత పేరుకు ప్రకటన అనవసరం. ఎవరైనా కూర్చుని ఉంటే కొద్ది మొత్తంతో పెట్టుకోక తప్పదు. చూసేటప్పుడు మీ ప్రకటన మీరే నొక్కొద్దు, డబ్బు మీదే పోతుంది!

మ్యాప్‌లో ఉచితంగా దొరికే చోటు

ప్రకటనలకూ ఆర్గానిక్‌కూ మధ్యలో మ్యాప్‌తో వచ్చే మూడు పేర్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. మెకానిక్, క్లినిక్, టిఫిన్ సెంటర్, బ్యూటీ పార్లర్.. ఇలాంటివాళ్లకు మా దృష్టిలో వెబ్‌సైట్ కన్నా ఇదే ముఖ్యం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు రూపాయి ఖర్చు లేదు. వెతికిన మాటకు ఎంత దగ్గరగా ఉంది, మనిషికి ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది.. ఈ మూడింటిని బట్టి వరుస నిర్ణయమవుతుందని గూగుల్ చెబుతోంది. డబ్బు కట్టి ఆ వరుస మార్చుకోలేరు.

చేయాల్సిన పని కూడా పెద్దదేం కాదు. సరైన కేటగిరీ, ఎత్తే ఫోన్ నంబర్, పండగ రోజుల్లో వేళలు, షాపు ముందు నుంచి తీసిన నిజమైన ఫోటో. పని బాగా చేశాక ‘అన్నా, వీలుంటే గూగుల్‌లో రెండు మాటలు రాయండి’ అని అడగడం. డబ్బులిచ్చి రివ్యూలు రాయించుకోవడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. దొరికితే రివ్యూలు పోతాయి, ఒక్కోసారి ప్రొఫైల్ కూడా పోతుంది. ఎంవీపీ కాలనీలో షాపు లేకుండా అక్కడి అడ్రస్ పెట్టినా అంతే.

అరకు సీజన్‌కు జూన్‌లో పని

ఆర్గానిక్‌కు టైమ్ పడుతుంది. ఎస్ఈఓ పని మొదలుపెట్టాక ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ మనుషులే చెప్పిన మాట. అరకు రద్దీ నవంబర్ నుంచి జనవరి దాకా ఉంటుంది. నవంబర్‌లో వెబ్‌సైట్ పెట్టి డిసెంబర్‌లో పైకి రావాలంటే కుదరదు. ఆ పేజీలు జూన్, జులైలో వర్షాలు పడుతున్నప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఏం రాయాలి? ‘మాది నంబర్ వన్ ట్రావెల్స్’ అని పదిసార్లు రాస్తే ఎవరూ చదవరు. కిరండూల్ రైలుకు 2017 ఏప్రిల్ నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ ఉంది. దాని టికెట్ ఎన్ని రోజుల ముందు చేయాలి, ఏ వైపు కూర్చుంటే లోయ బాగా కనిపిస్తుంది, బొర్రా గుహల దగ్గర దిగిపోతే అక్కడి నుంచి అరకు వెళ్లడం ఎలా, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ గుహల్లో ఎంతవరకు దిగగలదు, లంబసింగికి ఏ వేళకు బయల్దేరితే మంచు దొరుకుతుంది.. జనం ఫోన్ చేసి అడిగేవి ఇవే కదా. రోజూ పదిమందికి ఫోన్‌లో చెప్పే జవాబులు రాసి పెడితే అదే మంచి పేజీ. ఎక్కడో కూర్చుని రాసేవాళ్లకు ఇవి తెలియవు, మీకు తెలుసు.

ఈలోపు ప్రకటనలు ఆ ఖాళీని నింపుతాయి. సీజన్ ముందు రెండు నెలలు డబ్బు పెట్టడం, ఏ మాటల మీద బుకింగ్‌లు వచ్చాయో చూసి ఆ మాటల మీదే పేజీలు రాసుకోవడం, అవి ఆర్గానిక్‌లో పైకి వచ్చాక ఆ మాటల మీద ఖర్చు తగ్గించడం. తూకం అంటే ఆచరణలో ఇదే. సగం అటు, సగం ఇటు అని పంచేస్తే ప్రయోజనం లేదు.

ఇక ‘మొదటి పేజీ గ్యారంటీ, నెలకు ఇంత’ అని ఫోన్ చేసేవాళ్లు.. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సొంత మార్గదర్శకాల్లోనే రాసి పెట్టింది. ఏజెన్సీకి పని అప్పగించడం తప్పేం కాదు. కానీ యాడ్స్ ఖాతా, బిజినెస్ ప్రొఫైల్, వెబ్‌సైట్ పేరు.. మూడూ మీ ఈమెయిల్ మీదే ఉండాలి. వాళ్లకు యాక్సెస్ మాత్రమే ఇవ్వాలి. వాళ్ల ఖాతాలోంచి నడిపిస్తే, రేపు తేడా వచ్చిన రోజు ఏ మాటకు ఎంత ఖర్చయింది, ఎవరు ఫోన్ చేశారు అన్న లెక్కంతా వాళ్లతోనే పోతుంది.

తెలుగులో ఇంకా చోటు ఉంది

గూగుల్ ప్రకటనల్లో తెలుగుకు 2018లోనే చోటు దక్కింది. అయినా వైజాగ్ వ్యాపారుల్లో ఎక్కువమంది ఇంగ్లిష్ మాటల మీదే పోటీ పడుతుంటారు. జనం మాత్రం మైక్ గుర్తు నొక్కి ‘దగ్గర్లో పంటి డాక్టర్ ఎవరున్నారు’ అని మామూలుగా అడిగేస్తున్నారు. కొందరు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతారు. ఆ మూడు రకాల మాటలనూ జాబితాలో చేర్చుకుంటే అదనంగా పోయేదేం లేదు.

2025 అక్టోబర్‌లో గూగుల్ ఏఐ మోడ్ కూడా తెలుగులోకి వచ్చింది. అందులో లింకుల వరుస కాకుండా నేరుగా జవాబే వస్తుంది. క్లిక్ చేయకుండానే పని అయిపోతే సైట్లకు వచ్చే జనం తగ్గుతారన్న భయం ఉంది. టూర్ ఆపరేటర్‌కు ఎవరో ఒకరు వచ్చి కారు ఎక్కాల్సిందే కాబట్టి ఆయనకు ఇబ్బంది తక్కువ. కేవలం సమాచారం రాసి బతికే సైట్లకు ఇది పెద్ద దెబ్బే.

వెతికేవాళ్లు ఇవి చూసుకోండి

పైన ఉన్నంత మాత్రాన అది అసలు సైట్ అనుకోవద్దు. 2023 ఏప్రిల్‌లో టీటీడీ ఓ నకిలీ వెబ్‌సైట్‌పై ఫిర్యాదు చేసింది. అప్పటికే 40 నకిలీ సైట్లపై కేసులు నడుస్తున్నాయి, అది 41వది. అవన్నీ ప్రకటనల ద్వారానే వచ్చాయని కాదు. కానీ తొందరలో మొదటి లింక్ నొక్కే అలవాటే ఇలాంటివాళ్ల పెట్టుబడి. 2024 జనవరి నుంచి టీటీడీ అధికారిక అడ్రస్ ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్’. ప్రభుత్వ సైట్ల చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో, అది చివర్లోనే ఉందో మధ్యలో ఇరికించారో చూడాలి. స్టీల్ ప్లాంట్ ఉద్యోగాలకైతే వైజాగ్‌స్టీల్ డాట్ కామ్‌లో ఉన్న నోటిఫికేషనే నమ్మాలి. ఫీజు యూపీఐకి పంపమని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి.

బ్యాంకు, గ్యాస్, కొరియర్ కస్టమర్ కేర్ నంబర్ల కోసం గూగుల్‌లో వెతక్కండి. కార్డు వెనక, పాస్‌బుక్ మీద, బిల్లు మీద ఉన్న నంబరే వాడండి.

ప్రకటన పక్కనే ఉండే మూడు చుక్కలు నొక్కితే దాన్ని ఇచ్చింది ఎవరు, ఏ దేశం నుంచి అన్న వివరాలు వస్తాయి. 2025 అక్టోబర్‌లో గూగుల్ ఇంకో సౌకర్యం ప్రకటించింది. ప్రకటనలన్నింటినీ ‘స్పాన్సర్డ్ రిజల్ట్స్’ అనే ఒకే శీర్షిక కింద పెట్టి, వాటి చివర ‘హైడ్ స్పాన్సర్డ్ రిజల్ట్స్’ అనే బటన్ ఇచ్చింది. అది నొక్కితే ఆ ప్రకటనలు ముడుచుకుపోతాయి. అయితే ఆ బటన్ దాకా వెళ్లాలంటే ముందు ప్రకటనలన్నీ దాటి కిందికి రావాలి!

పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. లావాదేవీ నంబర్, మీరు నొక్కిన లింక్, ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ దగ్గర ఉంచుకోండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువగా ఉంటుంది.